పైకప్పు మరమ్మతు, పనివారి వేతనము, పాలకుల నియమము

చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగరము అను మూడు పేటలు హైదరాబాదు నగరమున ఒకదానినొకటి ఒరసికొనియున్నవి. ఒకదాని వీధి ఎచ్చట ముగిసి వేరొకదాని వీధి ఎచ్చట ఆరంభమగునో అచ్చట పుట్టిపెరిగినవారు సైతము నిశ్చయముగా చెప్పజాలరు. ఉద్యోగ పరీక్షలకు చదువుకొను యువతీయువకులతో నిత్యము నిండియుండు నగర కేంద్ర గ్రంథాలయము, నారాయణగూడ మార్కెట్టు, హుస్సేన్‌సాగరపు మిగులునీటిని మూసీనదికి కొనిపోవు నాలా, దానిని దాటించు వంతెనలు, 2020 ఫిబ్రవరి 7వ తేదీన ఆరంభమైన మెట్రో మార్గమున రెండు స్టేషనులు, 2023 ఆగస్టు 19వ తేదీన ఇందిరా పార్కు నుండి వీఎస్‌టీ వరకు 450 కోట్ల రూపాయల వ్యయముతో ప్రజల రాకపోకలకు తెరచిన ఉక్కు వంతెన, ఇన్ని ప్రజోపయోగ నిర్మాణములు నడచి తిరుగదగినంత చిన్న ప్రదేశమున అమరియున్నవి. వీనిలో ఏది ప్రారంభమైనను ఆ వార్త పత్రికల మొదటి పుటను అలంకరించినది. కాని ప్రారంభోత్సవము ముగిసిన పిదప ఇరువది ముప్పది సంవత్సరములు ఆ కట్టడమును నిలిపియుంచవలసిన నిర్ణయములు ఒక సమావేశ మందిరమున, ఎజెండాలోని అనేకాంశములలో ఒకటిగా, సామాన్య పౌరుని దృష్టికి రాకయే జరిగిపోవుచుండును. ఆ మందిరమున జరుగు పనిని పాఠకులకు విశదపరచుటయే నా ఉద్దేశము.

నగర పరిపాలనకు మూలమైన శాసనము 1955వ సంవత్సరపు హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషనుల చట్టము. అది పరిపాలనాధికారమును ఒక్క చేతిలో ఉంచలేదు. ఎన్నికైన కార్పొరేటర్లతో కూడిన కార్పొరేషను, వారు తమలోనుండి ఎన్నుకొను స్థాయీసంఘము, ప్రభుత్వము నియమించు కమిషనరు అను మూడు అధికారస్థానముల నడుమ ఆ చట్టము కార్యభారమును పంచినది. 2007 ఏప్రిల్ 16వ తేదీన చుట్టుపట్ల 12 మునిసిపాలిటీలును 8 గ్రామ పంచాయతీలును కలిసి మహానగర కార్పొరేషను ఏర్పడిన పిదప, 150 వార్డుల నుండి 150 మంది కార్పొరేటర్లు ఎన్నికగుటయు, వారు ఏటేట 15 మందిని స్థాయీసంఘమునకు ఎన్నుకొనుటయు ఆచారమైనది. జనులు దీనిని స్టాండింగ్ కమిటీ అనియే వ్యవహరింతురు. మొత్తము సభ రాజకీయ ప్రసంగములకు వేదికయగుట సహజము. లెక్కలు, కాగితములు, సంతకములు గల అసలు పని ఈ 15 మంది కూర్చుండు బల్లవద్దనే జరుగును.

ఈ వ్యవస్థకు ఈ పేటలతో సంబంధము నేటిది కాదు. మూసీకి ఉత్తరపు దిక్కున ఒకప్పుడు చాదర్‌ఘాట్ మునిసిపాలిటీ అని వేరొక పరిపాలన ఉండెడిది. అది 1933లో హైదరాబాదు మునిసిపాలిటీలో విలీనమైనది. ఆ మరుసటి సంవత్సరము తొలి ఎన్నికలు జరిగి, స్థాయీసంఘము ఏర్పడినది. 1951లో నగరమునకు ప్రథమ మేయరుగా ఎన్నికైన మాడపాటి హనుమంతరావుగారు 1928లోనే తెలుగు బాలికల కొరకు పాఠశాల నెలకొల్పిన మహనీయులు. వారి పేరనే ఆ పాఠశాల నేటికిని నారాయణగూడలో నడచుచున్నది. నిజాము రాజ్యమున తెలుగు మాధ్యమమున ఆడపిల్లలకు చదువు చెప్పుట ఎంత దుస్సాధ్యమో ఎరిగి, చందాలు పోగుచేసి, లెక్కలు వ్రాసి, భవనము నిలిపి, ఉపాధ్యాయులకు నెలనెల జీతములు సమకూర్చిన అనుభవముతో ఆయన మేయరు పీఠము నధిష్ఠించుట యాదృచ్ఛికమని నేననుకొనను. ఒక సంస్థను నడిపినవానికి ఇంటి కప్పును, పనివాని జీతమును, తన నడవడిని వేర్వేరుగా చూచుట సాధ్యము కాదు. ఈ మూడును ఒకే ప్రశ్నకు మూడు ముఖములు.

మొదట ఆస్తుల సంరక్షణ సంగతి చూతము. ఒక ప్రభుత్వ భవనమున వర్షాకాలమున పైకప్పు కారుచున్నదనుకొందము. వార్డు పరిధిలోని సహాయ ఇంజనీరు వచ్చి చూచి ఎస్టిమేటు వ్రాయును; పై ఇంజనీర్లు దానిని పరిశీలించి సాంకేతిక మంజూరు ఇత్తురు; వ్యయము ఏ పరిమితిలో ఉన్నదో దానిని బట్టి కమిషనరుగాని, స్థాయీసంఘముగాని, మొత్తము కార్పొరేషనుగాని పరిపాలనా మంజూరు ఇయ్యవలెను. ఆపైన టెండరు పిలుతురు. గుత్తదారు ధరావతు సొమ్ము చెల్లించి, అంచనాకంటె ఇంత శాతము తక్కువకు చేయుదునని కోట్ చేయును. పని జరిగిన పిదప ఇంజనీరు కొలతల పుస్తకమున, అనగా అందరును ఎం-బుక్కు అని పిలుచు దానిలో, కొలతలు నమోదు చేయును. అప్పుడు గాని బిల్లు కదలదు. ఇన్ని మెట్లెందుకని విసుగుకొనువారు కలరు. మెట్లు అధికమైనవన్నమాట నిజమే. కాని ఒక్కొక్క మెట్టును పూర్వము జరిగిన ఏదో ఒక మోసమునకు ప్రతిక్రియగా కట్టిరని గ్రహింపవలెను.

ఆ మెట్లను తప్పించుకొను మార్గములును లేకపోలేదు. వీనిలో రెండింటిని గూర్చి పౌరులు ముఖ్యముగా తెలిసికొనవలెను. మొదటిది పనిని ముక్కలు చేయుట. ఒకే భవనమునకు సున్నము వేయుట, కిటికీలు బాగుచేయుట, మురుగుగొట్టము మార్చుట అని విడివిడి పనులుగా చీల్చినచో, ఒక్కొక్కదాని వ్యయము సంఘము ముందుకు రావలసిన పరిమితికి లోపల నిలిచిపోవును. అట్టి చిన్న పనిని టెండరు లేకుండ నామినేషను పద్ధతిపై తెలిసినవారికి అప్పగించుటకు వీలు కలుగును. రెండవది టేబుల్ ఐటమ్. సమావేశమునకు ముందుగా సభ్యులకు పంపిన ఎజెండాలో లేని అంశమును, అప్పటికప్పుడు బల్లమీద పెట్టి ఆమోదము కోరుట దీని లక్షణము. వరదవేళ కూలిన గోడవంటి అత్యవసర కార్యములకు ఇట్టి సౌకర్యముండుట న్యాయమే. కాని ఆస్తిని లీజుకిచ్చు ప్రతిపాదన, కొనుగోలు ఒప్పందము, సేవాకాలపు పొడిగింపు వంటివి ఈ దారిన రాకూడదు. సభ్యుడు ముందుగా చదువని కాగితముపై చేయు ఓటు విచారణ కాదు. నగర పాలకసంఘములందు విచారణ అను మాటకు విలువ నిలువవలెనన్నచో, టేబుల్ ఐటముల సంఖ్యను ప్రతి సమావేశపు తీర్మానములతో పాటు వేరుగా ప్రకటింపవలెనని నా దృఢమైన అభిప్రాయము.

నిర్వహణ అనునది కొత్త నిర్మాణమంత ఆకర్షకమైనది కాకపోవుటయే మన దౌర్భాగ్యమునకు మూలము. జారిన పెంకును ఆనాడే సరిచేసికొను గృహస్థునకు ఆరునెలల పిదప దూలము మార్చు ఖర్చు తప్పును. నగరమునకును ఇదియే న్యాయము. 2000 ఆగస్టు 24వ తేదీన ఒక్కనాటిలో సుమారు 24 సెంటీమీటర్ల వర్షము కురిసినప్పుడును, తిరిగి 2020 అక్టోబరు నడుమ కుంభవృష్టి కురిసినప్పుడును నగరములోని నాలాల ఒడ్డు బస్తీలు నీటమునిగినవి. వర్షమును ఏ సంఘమును ఆపజాలదు. నాలాలోని పూడికను వేసవిలో తీయించుట, ఆ పూడికను ఒడ్డుననే వదలక తరలించుట, కూలిన ప్రహరీని కట్టించుట, ఆక్రమణలను తొలగించుట మాత్రము సంఘపు చేతిలోని పనులే. వేసవికి ముందు జరుగు సమావేశమున ఈ అంశము వాయిదా పడినచో, దాని ఫలమును శ్రావణ భాద్రపదములలో నాలా ఒడ్డు కుటుంబములు అనుభవించును. పనిని గూర్చి ఎవరు ఎప్పుడు వాయిదా కోరిరో తీర్మాన పుస్తకమున స్పష్టముగా నుండుట అందుచేతనే అవసరము.

అశోక్‌నగరపు కేంద్ర గ్రంథాలయమును గూర్చి కొంత విస్తరముగా చెప్పవలసియున్నది. ఏలయన ఈ పేటల ప్రజలు నిత్యము చూచు స్థానిక సంస్థలలో ఇంత తక్కువగా అర్థమైనది వేరొకటి లేదు. ఇది కార్పొరేషను ఆస్తి యని చాలమంది అనుకొందురు. నిజమునకు ఇది 1960వ సంవత్సరపు పౌర గ్రంథాలయముల చట్టము ననుసరించి ఏర్పడిన నగర గ్రంథాలయ సంస్థ పరిపాలనలోనిది. ఆ చట్టము ప్రకారము జిల్లాకొక గ్రంథాలయ సంస్థయు, హైదరాబాదు నగరమునకు ప్రత్యేకముగా ఒక సంస్థయు ఏర్పడినవి. దానికి అధ్యక్షుడు, సభ్యులు, కార్యదర్శి కలరు. దాని సమావేశములలోను అవే మూడు అంశములు, భవనపు మరమ్మతులు, సిబ్బంది విషయములు, నియమ నిబంధనలు, చర్చకు వచ్చుచుండును. ధనము వచ్చు దారి మాత్రము విచిత్రమైనది. గృహ యజమాని చెల్లించు ఆస్తిపన్నులో రూపాయికి 8 పైసల వంతున గ్రంథాలయ సెస్సు చేరియుండును. దానిని వసూలుచేయునది కార్పొరేషను, ఖర్చుచేయవలసినది గ్రంథాలయ సంస్థ. వసూలైన సెస్సు సకాలమున సంస్థకు చేరక బకాయిలు పేరుకొనిపోవుట పలుమార్లు పత్రికలకెక్కిన విషయము.

దీని పర్యవసానమేమో ఆలోచింపుడు. చిక్కడపల్లిలోని ఒక గృహస్థు తన పన్నులో భాగముగా గ్రంథాలయమునకని ధనము చెల్లించును. ఆ ధనము వేరొక సంస్థ ఖాతాలో నిలిచిపోవుటచేత, అతని ఇంటికి కొలది దూరముననే, జిల్లాలనుండి వచ్చి అద్దెగదులలో నివసించుచు పరీక్షలకు సిద్ధపడు విద్యార్థికి కుర్చీ దొరకదు, మరుగుదొడ్డి బాగుపడదు, కొత్త పుస్తకము రాదు. ఇందులో దొంగతనము చేసినవాడెవడును కనబడడు. చట్టమును అతిక్రమించితినని ఒప్పుకొనువాడును ఉండడు. అయినను ఒక ప్రయోజనమునకని వసూలైన ధనమును వేరొక ప్రయోజనమునకు నిలుపుకొనుట ధర్మశాస్త్ర దృష్ట్యా న్యాసాపహరణమే. 1901లో సుల్తాన్‌బజారున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమును స్థాపించిన నాటినుండి గ్రంథాలయోద్యమమును తన ఊపిరిగా భావించిన నగరమునకు ఇది తగదు. సెస్సు జమయైన ప్రతి త్రైమాసికమున ఎంత వసూలైనది, ఎంత చేర్చితిమి అని స్థాయీసంఘము ముందు లెక్క ఉంచుట ఒక చిన్న తీర్మానముతో సాధ్యమగు పని.

ఇక ఉద్యోగుల విషయము. తెల్లవారుజామున ఈ వీధులను ఊడ్చువారిలో అత్యధికులు కార్పొరేషను ఖాయపు ఉద్యోగులు కారు, పొరుగు సేవల పద్ధతిపై పనిచేయువారు. స్థాయీసంఘపు ఎజెండాలను చూచినచో పొరుగు సేవల సిబ్బంది కాలపరిమితిని పొడిగించు అంశము మాటిమాటికి కనబడును. ఒక్కొక్క పొడిగింపు వెనుక కొన్ని వందల కుటుంబముల నెలజీతము నిలిచియుండును. 2015 జూలై మాసమున నగరపు పారిశుద్ధ్య కార్మికులు సమ్మెచేసిరి. వీధులలో చెత్త గుట్టలైనది. నెలకు 8,500 రూపాయలుగా నున్న వేతనమును 12,500 రూపాయలకు పెంచుచున్నట్లు అప్పటి ముఖ్యమంత్రి ప్రకటించిరి. ఆ పెంపు న్యాయమైనదే. కాని కార్మికుల జీతము బల్లవద్ద కూర్చుండి చర్చించి తేల్చదగిన విషయమై యుండగా, నగరము దుర్గంధములో మునిగిన తరువాత గాని తేలకపోవుట విచారింపదగినది. వారి కోరికలను మూడు మాసములకొకమారైనను విని నమోదు చేయు ఏర్పాటు స్థాయీసంఘమునకు ఉన్నచో సమ్మె అవసరమే కలుగకపోవునేమో.

ఉద్యోగి హాజరు విషయమున జరిగిన చరిత్ర మూడవ ముఖమగు నీతి నియమములకు మనలను కొనిపోవుచున్నది. రానివారిని వచ్చినట్లు వ్రాసి జీతములు దిగమింగుచున్నారను ఆరోపణ చిరకాలముగా ఉన్నందున వేలిముద్రల యంత్రములు వచ్చినవి. కొందరు పర్యవేక్షకులు కృత్రిమ వేలిముద్రలు తయారుచేయించి ఆ యంత్రములను సైతము మోసగించిరి. తరువాత ముఖమును గుర్తించు హాజరు పద్ధతి వచ్చినది. యంత్రము మీద యంత్రము పెట్టుచు పోవుట కంటె, ఆ వీధిలో నేడు ఎందరు పనికి వచ్చిరో ఆ వీధివారికే తెలియునట్లు జాబితాను బహిరంగపరచుట మేలు. ఊడ్చువారిని ప్రతిదినము కన్నులార చూచు గృహిణిని మించిన హాజరు పరీక్షకులు లేరు.

నీతి నియమములు మనకు కొత్త కావు, పశ్చిమదేశముల నుండి ఎరువు తెచ్చుకొన్నవియు కావు. ప్రభుధనమును అధికారులు అపహరించు విధములను కౌటిల్యుడు తన అర్థశాస్త్రమున 40గా లెక్కించెను. కాంచీపుర సమీపమునందలి ఉత్తరమేరూరులో, మొదటి పరాంతక చోళుని కాలమున, క్రీ.శ. 919, 921 సంవత్సరములలో చెక్కించిన శాసనములు ఒక గ్రామసభ తన సంఘములను ఎట్లు ఏర్పరచుకొనెనో వర్ణించుచున్నవి. తోటలకొక సంఘము, చెరువునకొక సంఘము, సంవత్సర వ్యవహారములకొక సంఘము. సభ్యునికి 35 ఏండ్లు నిండి 70 దాటకుండవలెను. పేర్లు వ్రాసిన తాటియాకులను కుండలో వేసి ఒక బాలునిచేత తీయింపవలెను. పదవి 360 దినములు. వీనియన్నింటిని మించి నన్ను ఆకర్షించు నియమమొకటి అందు కలదు: పూర్వము సంఘమున ఉండి లెక్కలు అప్పగింపనివాడు మాత్రమే కాదు, అతని దగ్గరి బంధువులు సైతము తిరిగి సభ్యులగుటకు అనర్హులు. వేయి సంవత్సరముల క్రిందట చెరువుగట్టు మరమ్మతును లెక్కల శుద్ధితోను, లెక్కల శుద్ధిని సభ్యత్వపు అర్హతతోను ఆ గ్రామస్థులు ముడివేసిరి.

నేటి చట్టమును ఆ దారిననే నడచినది. కార్పొరేషనుతో చేసికొన్న గుత్త ఒప్పందములో స్వయముగాగాని, భాగస్వామి ద్వారాగాని, ప్రత్యక్షముగాగాని పరోక్షముగాగాని వాటాగలవాడు కార్పొరేటరుగా నుండుటకు అనర్హుడని 1955 చట్టము శాసించుచున్నది. ప్రభుత్వోద్యోగుల కొరకు 1964లో ఏర్పడిన ప్రవర్తనా నియమావళి కానుకలను నియంత్రించినది, స్థిరాస్తుల క్రయవిక్రయములను పైవారికి తెలుపవలెనన్నది, ఆస్తుల వివరపత్రమును ఏటేట సమర్పింపవలెనన్నది. 1983లో లోకాయుక్త చట్టమును, 1988లో అవినీతి నిరోధక చట్టమును వచ్చినవి. బ్రిటనులో 1995లో నోలన్ సంఘము ప్రజాజీవితమునకు ఏడు సూత్రములు నిర్దేశించినప్పుడు బహిరంగత, జవాబుదారీతనము, నిస్స్వార్థత వానిలో ప్రముఖస్థానము వహించినవి. కావున కొరత నియమములది కాదు. ఒక పనిలో తనకు స్వప్రయోజనమున్న సభ్యుడు ఆ అంశము రాగానే లేచి, ఆ సంగతి చెప్పి, మందిరమునుండి వెలుపలికి పోవుటయు, ఆ సంగతి తీర్మాన పుస్తకమున ఎక్కుటయు ఆచారము కావలెను. బావమరిది పేర గుత్త, మిత్రుని పేర దుకాణపు లీజు అను వ్యవహారములను పట్టుకొనునది అట్టి ఆచారమే. న్యాయస్థానమునకు పోయి నిరూపింపవలసిన చట్టము చాల ఆలస్యముగా వచ్చును.

పై విషయములన్నిటికిని సంఘము అనునది ఉండవలెను గదా! హైదరాబాదు చరిత్రలో ఆ సంఘమే లేని కాలములు దీర్ఘముగా నున్నవి. 1990వ దశకమున చాలకాలము ఎన్నికైన పాలకవర్గము లేక, 2002లో మేయరును ప్రజలే ప్రత్యక్షముగా ఎన్నుకొను వరకు ప్రత్యేకాధికారుల పాలన సాగినది. తిరిగి 2014 డిసెంబరు నుండి 2016 ఫిబ్రవరి వరకు అదే జరిగినది. ప్రత్యేకాధికారి సమర్థుడే కావచ్చును, నిజాయితీపరుడే కావచ్చును. అతడు చేయు నిర్ణయమున ప్రశ్న వేయువాడు ఎదుట లేడు. కమిషనరు ప్రతిపాదించిన దానిని వేరొక పేరుతో తానే ఆమోదించుకొను స్థితి అది. 1993 జూన్ 1వ తేదీన అమలులోనికి వచ్చిన 74వ రాజ్యాంగ సవరణ, పాలకవర్గమును రద్దుచేసినచో ఆరు నెలలలోపల ఎన్నిక జరుపవలెననియు, మూడు లక్షలు లేక అంతకు మించిన జనాభాగల నగరములలో వార్డు సంఘములు ఏర్పరుపవలెననియు విధించినది. 2023 జూన్ మాసమున నగరమున వార్డు కార్యాలయములు తెరచిరి; అధికారుల బల్లలు వచ్చినవి, మంచిదే. వార్డు సంఘము మాత్రము కాగితముమీద నున్నంతగా వీధిలో కనబడుట లేదు. మూడు పేటలు ఒకే వార్డులో లేవు గనుక, ఒక నాలా ఒడ్డుననున్న రెండు వార్డులవారు కలిసి కూర్చుండి మాట్లాడుకొను చోటును లేదు.

ఈ వ్యాసము చదువుచున్న చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర వాసులకు ఒక విన్నపము. 2005వ సంవత్సరపు సమాచార హక్కు చట్టములోని 4వ విభాగము, ప్రభుత్వ సంస్థలు తమ వ్యయములను, నిర్ణయములను ఎవరును అడుగకమునుపే ప్రకటింపవలెనని చెప్పుచున్నది. ప్రకటింపనిచో 6వ విభాగము క్రింద పది రూపాయల రుసుముతో ఎవరైనను అడుగవచ్చును, ముప్పది దినములలో సమాధానము రావలెను. మీ వీధికి సంబంధించి గత సంవత్సరమున మంజూరైన మరమ్మతుల జాబితా, వాని ఎం-బుక్కు ప్రతులు, మీ పన్నునుండి వసూలై గ్రంథాలయ సంస్థకు చేరిన సెస్సు మొత్తము, మీ వీధిలో పనిచేయు పారిశుద్ధ్య సిబ్బంది హాజరుపట్టీ, సమావేశములలో టేబుల్ ఐటములుగా ఆమోదము పొందిన అంశములు, ఈ ఐదింటిని అడుగుడు. ఒక్కరే అడుగుటకు సంకోచించినచో కాలనీ సంక్షేమ సంఘము పేరట అడుగుడు. వచ్చిన సమాధానమును గ్రంథాలయపు నోటీసు బోర్డుమీద అంటింపుడు.